లైన్‌లో లోపం లేదు

స్వామిదాసుకు ఫోన్ చేసేవాళ్ళంతా కోపంగానే చేసేవాళ్ళు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. కామారెడ్డి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో అతని ఉద్యోగమే అలాంటిది. ఫోన్ మూగబోయినవాడు పక్కింటికో, పక్క దుకాణానికో పరుగెత్తి 198 తిప్పితే ఆ గంట మోగేది స్వామిదాసు బల్ల మీదే. అప్పటికే రెండు రోజులుగా వ్యాపారం ఆగిపోయిన మనిషి మంచిగా ఎందుకు మాట్లాడతాడు?

అతను అన్నీ వినేవాడు. నంబరు అడిగి, బీరువాలోంచి ఆ నంబరు కార్డు తీసి, ఫిర్యాదు రాసుకునేవాడు. తర్వాత ఆ లైనుకు టెస్టింగ్ తీగ తగిలించి మీటరు ముల్లు ఎటు వంగుతుందో చూసేవాడు. తీగ తెగితే ముల్లు ఒకలా కదులుతుంది, చెట్టుకొమ్మ ఒరుసుకుంటే ఇంకోలా, ఫోన్ డబ్బాలోకి నీళ్ళు పోతే మరోలా. లోపం ఎక్కడుందో తేల్చి లైన్‌మన్‌ని పంపేవాడు. బాగయ్యాక ఆ ఇంటికి తనే ఫోన్ చేసి, "ఎక్స్ఛేంజ్ నుంచి మాట్లాడుతున్న, వినొస్తున్నదా?" అని అడిగి కార్డు మీద గీత కొట్టేవాడు. ఆ "వినొస్తున్నది" అన్న మాటతో అవతలివాళ్ళకు స్వామిదాసుతో పని తీరిపోయేది. పదహారేళ్ళ ఉద్యోగంలో అతని పేరేమిటని అడిగినవాళ్ళు లేరు.

ఇంట్లో పిలిచేవాళ్ళు కూడా లేరు. భార్య రాజమణి కామెర్లతో పోయి ఏడేళ్ళయింది. పిల్లల్లేరు. రైల్వే గేటు అవతల ఒక గదిలో అద్దెకుండి, రెండు పూటలా హోటల్లో తిని, ఆదివారం చర్చిలో ఆఖరి వరుసలో కూర్చుని వచ్చేవాడు. రోజంతా మనుషుల గొంతులు వినే మనిషికి, సాయంత్రం తాళం తీసి లోపలికెళ్ళాక మళ్ళీ తెల్లవారి టీ చెప్పేదాకా నోరు తెరవాల్సిన పని ఉండేది కాదు.

తొంబై నాలుగు వానాకాలంలో ఎల్లారెడ్డి నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. ఎల్లారెడ్డి ఎక్స్ఛేంజ్ చిన్నది. అక్కడ సిద్దిరాములు అనే లైన్‌మన్ తప్ప ఎవరూ ఉండరు. అందుకని అక్కడి ఫిర్యాదులు కూడా కామారెడ్డికే, స్వామిదాసు బల్లకే వచ్చేవి. మాట్లాడినామె హమీదున్నీసా. ఉర్దూ మీడియం బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన టీచరు. భర్త పోయాడు. నిజామాబాద్‌లో ఉండే చెల్లెలు వాజిదా వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తుంది. ఆ చెల్లెలి గొంతు బావిలోంచి వచ్చినట్టు వస్తోందని ఆమె ఫిర్యాదు.

స్వామిదాసు అన్నీ రాసుకున్నాడు. చూసి చెప్తానన్నాడు. అప్పుడామె ఫోన్ పెట్టేయకుండా అడిగింది.

"మీ పేరేంది?"

అతను కాసేపు తడబడ్డాడు. తన మీదే ఫిర్యాదు చేయడానికి అడుగుతోందేమో అనుకున్నాడు. చెప్పాడు.

"స్వామిదాస్ సాబ్, అన్నం తిన్నరా?"

అప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది. అతను తినలేదు. ఆ సంగతి ఆమె అడిగేదాకా అతనికే గుర్తు లేదు.

లైను పరీక్షిస్తే బాగుంది. అయినా సిద్దిరాముల్ని పంపాడు. సిద్దిరాములు స్తంభం దగ్గర్నుంచి ఇంటిదాకా చూసి ఏమీ లేదన్నాడు. ఫోన్ మార్చారు. ఓ వారం పది రోజులు బాగున్నట్టే అనిపించిందట, మళ్ళీ మామూలే. ఆమె మళ్ళీ ఫోన్ చేసింది. అలా చేస్తూనే ఉంది. మంగళవారం, శుక్రవారం చెల్లెలితో మాట్లాడగానే 198 తిప్పేది. స్వామిదాసు ఆ రెండు రోజులూ పదకొండు గంటలకు బల్ల దగ్గర్నుంచి లేచేవాడు కాదు. మిగతా ఫిర్యాదులు గబగబా రాసి పడేసేవాడు.

ఫిర్యాదు రెండు మాటల్లో అయిపోయేది. ఆ తర్వాత అవీ ఇవీ మాట్లాడుకునేవాళ్ళు. పోచారం చెరువు అలుగు దూకుతోందని, చూడటానికి బస్సుల నిండా జనం పోతున్నారని ఆమె చెప్పేది. కామారెడ్డిలో ఉండి మీరు పోచారం చూడకపోవడమేంటని కోప్పడేది. తన దగ్గర చదువుకున్న ఆడపిల్ల అదే బడికి టీచరై వచ్చిందని చెప్పినరోజు ఆమె గొంతులో మిఠాయి పంచుతున్నంత సంబరం. అతనికి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. హోటల్లో కూర ఏమిటో చెప్పేవాడు. ఒకసారి రాజమణి గురించి చెప్పాడు. ఎక్కువ చెప్పలేదు, ఆమె పచ్చిపులుసు బాగా చేసేదని మాత్రం చెప్పాడు. అందులో నువ్వులు వేసేదా అని హమీదున్నీసా అడిగింది. వేసేదని అతను చెప్పాడు. ఏడేళ్ళలో రాజమణి గురించి అతన్ని ఎవరైనా ఒక ప్రశ్న అడగడం అదే మొదలు.

అప్పట్నుంచి ఆమెను, ఉర్దూలో అక్కా అన్నట్టు, ఆపా అని పిలవడం మొదలుపెట్టాడు.

మరుసటి ఎండాకాలంలో ఒక మంగళవారం ఆమె ఫోన్ చేసి, ఇవ్వాళ మరీ అన్యాయంగా ఉందని, అతని మాట కూడా సరిగా అందడం లేదని చెప్పింది. ఫోన్ డబ్బాకూ రిసీవరుకూ మధ్య ఉండే మెలికల వైరు లోపల తెగితే అలా అవుతుంది. అతను గట్టిగా అరిచినట్టు చెప్పాడు, రిసీవరు ఎడమ చేతికి మార్చుకుని కుడి చేత్తో వైరు కదిలించి చూడమని. ఆమె అలాగే చేసింది. రిసీవరుతోపాటు చెవీ మారింది.

"అరే, ఇప్పుడు సాఫ్‌గ వినొస్తున్నది. పక్కన కూసున్నట్టే ఉన్నది."

స్వామిదాసుకు ఒక్క క్షణంలో అర్థమైంది. వైరు ఆగకుండా కదిలిస్తోంది కదా, గొంతు మాత్రం ఎక్కడా తెగడం లేదు. లైను ఎప్పుడూ బాగానే ఉంది. వైరూ బాగానే ఉంది. ఆమె కుడి చెవిలో ఏదో తేడా ఉంది. ఎదురుగా ఉన్నవాళ్ళ మాట ఎడమ చెవి పట్టుకుంటోంది కాబట్టి ఆమెకు తెలియడం లేదు. ఫోన్ మాత్రం అలవాటుకొద్దీ కుడి చెవికే పెడుతుంది.

అతను ఆ మాట చెప్పడానికే నోరు తెరిచాడు. చెబితే ఏమవుతుందో ఆ నోరు తెరిచినంతసేపట్లోనే తట్టింది. రేపట్నుంచి ఆమె రిసీవరు ఎడమ చెవికి పెడుతుంది. ఫోన్ బాగైపోతుంది. బాగైన ఫోన్ గురించి 198కి ఎవరు చేస్తారు?

"వైరు ఖరాబైంది ఆపా. కొత్తది పంపిస్త," అన్నాడు.

మర్నాడు సిద్దిరాములు కొత్త వైరు వేసి వచ్చాడు. స్వామిదాసు కార్డు మీద "వైరు మార్చబడినది" అని రాసి గీత కొట్టాడు. ఆ శుక్రవారం ఆమె మళ్ళీ ఫోన్ చేసింది. కొత్త వైరు కూడా లాభం లేదంది.

వచ్చే వారం చెప్పేద్దాం అనుకునేవాడు. వచ్చే వారం ఆమె బడి సంగతో, బక్రీద్ సంగతో చెప్పేది. పై వారానికి వాయిదా పడేది. వయసు మీదపడితే అందరికీ కాస్త వినికిడి తగ్గుతుంది, దానికేముంది అని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు. అలా ఏడాదిన్నర గడిచింది.

తొంబై ఆరు చివర్లో ఎక్స్ఛేంజ్‌కి కంప్యూటరు వచ్చింది. గదికి ఏసీ పెట్టారు, చెప్పులు బయట విడవమన్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు ఇరవై నాలుగేళ్ళవాడు, మర్యాదస్తుడు. ఇకమీదట 198 తిప్పితే రికార్డు చేసిన గొంతు పలుకుతుందని, నంబరు నొక్కమంటుందని, యంత్రమే ఆ లైను పరీక్షించి లోపముంటే లైన్‌మన్ పేరుతో చీటీ అచ్చువేస్తుందని వివరించాడు. లోపం లేకపోతే ఫిర్యాదు దానంతటదే మూసుకుపోతుంది. రోజూ పొద్దున ఆరింటికి ఎవరూ అడక్కుండానే అన్ని లైన్లనూ ఒకసారి చూసుకుంటుంది కూడా.

బీరువాలోని కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పని స్వామిదాసుకు పడింది. ఒక్కో వేలితో రెండు నెలలు కొట్టాడు. నంబరు, పేరు, స్తంభం, తీగ జత, అంతే. అంచుల్లో పెన్సిలుతో అతను రాసుకున్నవాటికి చోటు లేదు. 'నమాజు వేళ చేయొద్దు', 'ముసలాయనకు మోకాళ్ళ నొప్పి, ఎక్కువసేపు మోగనివ్వాలి', 'కుక్క ఉంది, సిద్దిరాములుకు చెప్పాలి' లాంటివన్నీ కార్డులతోపాటే కట్టగట్టి అటకెక్కాయి. హమీదున్నీసా కార్డు నిండిపోయి దానికి ఇంకో రెండు కార్డులు గుచ్చి ఉన్నాయి. ఇంజనీరు అది చేతిలోకి తీసుకుని తిరగేశాడు.

"రెండొందలకు పైగా కంప్లయింట్లున్నాయి, ప్రతిసారీ లైన్ బాగుందనే టెస్ట్ వచ్చింది. మరి సమస్యేంటండీ?" అని అడిగాడు.

స్వామిదాసు తెలియదన్నాడు.

సంక్రాంతి దాటాక యంత్రం పని మొదలుపెట్టింది. స్వామిదాసు బల్ల మీది 198 ఫోన్ తీసేశారు, బయటికి చేసుకునేది మాత్రం ఉంచారు. ఇప్పుడతని పని అచ్చైన కాగితం ఎప్పటికప్పుడు చింపి, లోపమున్న నంబర్లు లైన్‌మన్లకు పంచడం, మరమ్మతు అయ్యాక ఆ ఇళ్ళకు ఫోన్ చేసి ఖాయపరచుకోవడం. మంగళవారం కాగితంలో ఎల్లారెడ్డి నంబరు కనపడింది. ఫిర్యాదు పదకొండు గంటల ఆరు నిమిషాలకు వచ్చింది. లైన్‌లో లోపం లేదు. పదకొండూ ఏడుకు మూసివేయబడింది. శుక్రవారం అంతే. మళ్ళీ మంగళవారం ఆమె మూడుసార్లు చేసింది. మూడుసార్లూ యంత్రం ఒకటే మాట అచ్చువేసింది.

అతను తనే ఆమెకు ఫోన్ చేయొచ్చు. ఎవరూ అడ్డు చెప్పరు. రెండుసార్లు రిసీవరు ఎత్తి పెట్టేశాడు. ఏం చెబుతాడు? లైన్ బాగుందనా? ఇన్నాళ్ళూ బాగాలేదన్న మనిషి ఇవాళ ఏ మొహంతో చెబుతాడు?

మూడో వారం మంగళవారం కాగితంలో ఆమె నంబరు లేదు. శుక్రవారం కూడా లేదు. ఆ పై మంగళవారం కాగితం రెండుసార్లు చదివి, సెలవు చీటీ రాసి ఇంజనీరు చేతిలో పెట్టి, ఎల్లారెడ్డి బస్సెక్కాడు.

ఇల్లు బడి వెనకాలే. తలుపు తట్టగానే తీసింది. ఆ గొంతును బట్టి అతను పొడుగాటి మనిషిని ఊహించుకున్నాడు. ఎదురుగా ఉన్నామె తన భుజం దాకా కూడా లేదు. తలమీద తెల్లటి దుపట్టా, దానికింద కుడి చెవిలో దూది. నేను స్వామిదాసును ఆపా అని చెప్పగానే కళ్ళు పెద్దవి చేసి చూసింది. లోపలికి రమ్మని, కుర్చీ వేసి, చాయ్ పెట్టింది.

"ఫోన్ల విన్నదానికంటె మీ గొంతు పెద్దగున్నది," అంది.

ఫోన్ ఒక మూల బల్ల మీద, పైన కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉంది. అతను అటు చూడటం చూసి ఆమే చెప్పింది. ఆ రికార్డు గొంతు ప్రతిసారీ లైన్ బాగుందనే చెబుతుందట, తానేదో అబద్ధమాడుతున్నట్టు. చెల్లెలు చెప్పేది సగం అర్థంకాక ఔనౌనంటూ ఉంటే, అక్కకు తనతో మాట్లాడటం ఇష్టం లేదని వాజిదా అలిగిందట. రెండు వారాలుగా ఫోన్ చేయడం లేదట. ఇక ఎందుకని గుడ్డ కప్పేసింది.

స్వామిదాసు చాయ్ పక్కన పెట్టాడు. చెవిలో దూది ఎందుకని అడిగాడు. అప్పుడప్పుడు చీము కారుతుందని, నొప్పేమీ లేదని, వెల్లుల్లి కాచిన నూనె వేసుకుంటున్నానని ఆమె తేలిగ్గా చెప్పింది. ఎన్నాళ్ళ నుంచి అంటే రెండు మూడేళ్ళ నుంచి అంది.

అతను లేచి ఫోన్ మీది గుడ్డ తీశాడు. ఎక్స్ఛేంజ్‌కి చేసి ఇంజనీరును ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమన్నాడు. రిసీవరు ఆమెకిచ్చి ముందు కుడి చెవికి, తర్వాత ఎడమ చెవికి పెట్టుకోమన్నాడు. ఆమె పెట్టుకుంది. ఎడమ చెవికి పెట్టుకున్నాక చాలాసేపు అలాగే నిలబడింది. అవతల ఇంజనీరు ఒకటీ రెండూ మూడూ లెక్కపెడుతున్నాడు, ఆ అంకెలు గుసగుసగా గదిలోకి వినిపిస్తున్నాయి.

అతను చెప్పగా గురువారం చెవి చూపించుకోవడానికి ఆమె కామారెడ్డికి వచ్చింది. బస్టాండు నుంచి డాక్టరు దగ్గరికి అతనే తీసుకెళ్ళాడు. డాక్టరు చెవిలో లైటు వేసి చూసి, ఎక్స్‌రే తీయించి, లోపలి ఎముకను జబ్బు తినేసిందని చెప్పాడు. కుడి చెవి వినికిడి ఇక రాదు. జబ్బు తలలోకి పాకకుండా హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకోవాలి. ఆలస్యం చేయొద్దు. మరో ఏడాది ముందు వచ్చి ఉంటే చెవి దక్కేదని, మందుల చీటీ రాస్తూ మామూలుగా అన్నాడు.

బయట వరండాలో బెంచీ ఉంది. ఆమె దానిమీద కూర్చుంది. అతను నిలబడే ఉన్నాడు. చీటీని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని, తలెత్తకుండా అడిగింది.

"ఆ వైరు మార్చింది ఎప్పుడు?"

"పోయినేడు కాదు, అంతకు ముందు ఎండాకాలం."

"ఆ దినం నన్ను చెయ్యి మార్చమన్నరు. సాఫ్‌గ వినొచ్చింది. ఆ దినమే మీకు తెలిసిందా?"

అబద్ధం చెప్పడానికి అతనికి వీలు లేకపోలేదు. చెప్పలేకపోయాడు. తెలిసిందన్నాడు.

"మరి ఎందుకు చెప్పలే?"

"చెప్తే మీరు ఫోన్ చెయ్యరని, ఆపా."

ఆమె తల తిప్పి, ఎడమ చెవి అతనివైపు పెట్టి, ఆ మాట మళ్ళీ చెప్పమంది. అతను మళ్ళీ చెప్పాల్సివచ్చింది. రెండోసారి చెబుతుంటే ఆ మాట ఇంకా చిన్నదిగా, ఇంకా సిగ్గులేనిదిగా వినిపించింది.

"ఇంటికి రాకపోయిన్రా?" అంది. "ముప్పై కిలోమీటర్లు. బస్సున్నది. వచ్చి కూసుంటే నేను పొమ్మందునా?"

నిజానికి అతనికి ఆ ఆలోచనే ఎన్నడూ రాలేదు. ఫిర్యాదు లేకుండా ఒక మనిషి దగ్గరికి ఎలా వెళతారో అతను మరిచిపోయి చాలాకాలమైంది.

ఆమె లేచి సంచి భుజానికి వేసుకుంది. బస్టాండుదాకా వస్తానంటే వద్దంది. ఆటో కూడా పిలవనివ్వలేదు. రోడ్డు దాటుతుంటే లారీ హారన్ కుడివైపు నుంచి మోగితే ఆమె ఎడమవైపు చూసింది. అది చూసి అతను రెండడుగులు వేశాడు. అప్పటికే ఎవరో ఆడమనిషి ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

వేసవిలో హైదరాబాద్‌లో ఆపరేషన్ అయిందని సిద్దిరాములు చెప్పాడు. చెల్లెలే దగ్గరుండి చూసుకుందట. హమీదున్నీసా ఇప్పుడు ఫోన్‌ను తను కూర్చునే చోటికి ఎడమ పక్కన పెట్టించుకుందట. స్వామిదాసు ఒక ఉత్తరం రాశాడు. తప్పు చేశానని, క్షమించమని రాశాడు. జవాబు రాలేదు. ఇంకొకటి రాయడానికి ధైర్యం చాలలేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ బస్టాండులో ఆగాడు. ఎల్లారెడ్డి బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. ఎక్కి కూర్చున్నాడు. ఎక్కడికని కండక్టరు అడిగితే పోచారం అన్నాడు. ఆ బస్సు అక్కడికి పోదని దింపేశారు. ఇంకో బస్సు పట్టుకుని పోచారం వెళ్ళాడు. వానలు ఇంకా పడలేదు. చెరువు అడుక్కి పోయి ఉంది. బురదలో కొంగలు నిలబడి ఉన్నాయి. కట్టమీద కాసేపు తిరిగి, సాయంత్రానికి గదికి వచ్చేశాడు. చూశానని చెప్పడానికి ఎవరూ లేరు.

జులైలో ముసురు పట్టింది. ఒకరోజు పొద్దున కాగితంలో ఎల్లారెడ్డి నంబర్లు ఐదు వచ్చాయి. నాలుగోది ఆమెది. తీగ తెగినది అని ఉంది. అతను కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చూశాడు. ఇన్నేళ్ళలో ఆ లైనుకు నిజంగా లోపం రావడం అదే మొదటిసారి. సిద్దిరాములుకు మిగతా నాలుగూ పక్కనపెట్టి ముందు అది చూడమన్నాడు. మధ్యాహ్నం పన్నెండింటికి స్తంభం దగ్గర తీగ కలిపేశానని కబురొచ్చింది.

మరమ్మతైన ఇంటికి ఫోన్ చేసి అడగాలి. అది నియమం. వేరేవాళ్ళతో చేయించొచ్చు. కానీ గదిలో వేరేవాళ్ళు లేరు. అతను నంబరు నొక్కాడు. నాలుగుసార్లు మోగాక ఎత్తింది.

"ఎక్స్ఛేంజ్ నుంచి మాట్లాడుతున్న. వినొస్తున్నదా?"

అవతల వెనకాల బడి పిల్లల గోల సన్నగా వినపడుతోంది.

"వినొస్తున్నది," అంది. మళ్ళీ ఆమే, "నేను కంప్లయింట్ చెయ్యలే గద. లైన్ పోయిందని ఎవరు చెప్పిన్రు?"

"మిషను చెప్పింది, ఆపా. పొద్దున ఆరుకు."

"అది ఉన్నదున్నట్టు చెప్తదా?"

"చెప్తది."

"మంచిది," అంది.

ఆమె పెట్టేస్తుందని అతను ఎదురుచూశాడు. పెట్టలేదు. చివరికి ఆమే, పోచారం ఈసారి ఇంకా నిండలేదట, అని అంది. అది అతనితో అన్నదో, అక్కడ ఇంట్లోకి వచ్చినవాళ్ళెవరితోనైనా అన్నదో అతనికి తెలియలేదు. జవాబు చెప్పేలోపు ఆమె ఫోన్ పెట్టేసింది.

స్వామిదాసు రిసీవరు పెట్టి, కంప్యూటరులో ఆ నంబరుకెదురుగా బాగైనదని కొట్టాడు. సాయంత్రానికి మిగతా నాలుగు నంబర్లూ బాగయ్యాయి. తర్వాతిది ఎరువుల దుకాణం. అక్కడ ఎత్తినవాడు పొద్దున్నుంచి బేరాలు పోయాయని తిట్టడం మొదలుపెట్టాడు. అతను విన్నాడు.